ఇంటికి తిరిగొచ్చిన తల్వార్

ఇషా నమాజ్ అయ్యాక మా ఇంట్లో దస్తర్‌ఖాన్ మడిచేలోపే టీవీ మొదలవుతుంది. కొన్నాళ్లుగా తుర్కీ సీరియల్ నడుస్తోంది, ఉర్దూ డబ్బింగ్‌తో. గుర్రాలు, గుడారాలు, బొచ్చు టోపీల వీరులు ఒకవైపు. తెల్ల అంగీ మీద ఎర్ర సలీబ్ వేసుకున్న టెంప్లర్లు ఇంకోవైపు. మా పెద్దోడు పదో తరగతి. మనవైపు తల్వార్ లేచినప్పుడల్లా వాడూ సోఫాలోంచి లేస్తాడు. మొన్న ఒక ఎపిసోడ్ అయిపోయాక అడిగాడు: "అబ్బూ, వీళ్లు మొదట్నుంచీ ఇంతేనా? మనమంటే వీళ్లకు ఎప్పుడూ నఫ్రతేనా?"

"పడుకో పో, పొద్దున ట్యూషన్ ఉంది" అని వాళ్ల అమ్మీ లేపేసింది కాబట్టి ఆ రాత్రికి బతికిపోయాను. సవాల్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

వాడి వయసులో నేను ఈ సవాల్ అడగలేదు. జవాబు ముందే తెలుసనుకున్నాను. ఉర్దూ మీడియం బడి, బడి పక్కన కిరాయి లైబ్రరీ. అల్తమష్ రాసిన ‘దాస్తాన్ ఈమాన్ ఫరోషోం కీ’ చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయి ఉండేది. మాకంటే ముందు తరం వాళ్లు అబ్దుల్ హలీమ్ షరర్‌ని చదివారు. స్కాటిష్ రచయిత వాల్టర్ స్కాట్ సలీబీ జంగ్‌ల మీద రాసిన నావెల్ చదివి, దానికి జవాబుగా షరర్ 1888లో ‘మలికుల్ అజీజ్ వర్జినా’ రాశాడు. ఆయన మన హైదరాబాద్‌లో కూడా కొన్నేళ్లు కొలువు చేశాడు. వాళ్ల వీరుల కిస్సాకు మన వీరుల కిస్సా జవాబు. ఆ ఖాందాన్‌లో పుట్టిన మనవడే ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న సీరియల్.

డిగ్రీకి వచ్చి తెలుగులో చదివాక ఇంకో రకం పాఠం ఎదురైంది. ‘క్రూసేడుల ఫలితాలు’ అని పెద్ద ప్రశ్న. వర్తకం పెరిగింది, భూస్వాముల బలం తగ్గింది, తూర్పు విజ్ఞానం పడమరకు చేరింది అని రాస్తే మార్కులు పడేవి. ఆ చివరిది మన ఖతీబ్‌లకు కూడా చాలా ఇష్టమైన మాట. నిజానికి అరబీ కితాబులు ఎక్కువగా లాటిన్‌లోకి వెళ్లింది స్పెయిన్‌లోని తొలేడోలో, సిసిలీలో, తర్జుమా చేసేవాళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేసిన చోట. జంగ్ మైదానంలో ఎవరూ ఎవరి కితాబూ చదవలేదు.

మన కిస్సాలోనూ కాలేజీ జవాబులోనూ రాని సంగతి ఒకటుంది. దూరంగా ఉన్న దుష్మన్ కోసం పదును పెట్టిన తల్వార్ యూరప్‌లో మొదట ఇంటి పక్కవాడి మెడ మీద పడింది. ఆ తర్వాత ఐదారు వందల ఏళ్లు అది ఆ ఇంట్లోనే తిరిగింది. సలీబీ జంగ్‌ల తారీఖ్‌లో మన పిల్లలకు చెప్పాల్సిన ముఖ్యమైన భాగం ఇదేనని నా రాయ్. సలాహుద్దీన్ ఫతహ్ కంటే కూడా ముఖ్యం. కొందరికి ఈ మాట నచ్చదని తెలుసు. కొంచెం సబర్‌తో చదవండి.

1095 నవంబర్ 27న ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పోప్ అర్బన్ తఖ్రీర్ చేశాడు. తూర్పున ఉన్న క్రైస్తవులకు మదద్ చేయండి, బైతుల్ మఖ్‌దిస్‌ను విడిపించండి, అల్లా కోసమే బయల్దేరినవాడికి ఈ సఫరే అతని గునాహ్‌ల శిక్షకు బదులు అవుతుంది అన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది జనం కదిలారు. జెరూసలేం ఎక్కడో వేల మైళ్ల దూరం. రైన్ నది ఒడ్డున ఉన్న జర్మన్ పట్టణాలు మాత్రం దారిలోనే ఉన్నాయి. వాటిలో యూదులున్నారు. ఈసా అలైహిస్సలాం దుష్మన్లు ఇక్కడే ఉండగా అంత దూరం ఎందుకు పోవాలి అన్న మాట పుట్టింది. 1096 మే నెలలో స్పేయర్, వర్మ్స్, మెయింజ్. ఒక్క నెల. ఎమికో అనే దొర వెంట వచ్చిన గుంపు మెయింజ్‌లో చేసిన కత్లేఆమ్ అన్నింటికంటే ఘోరం. బాప్తిస్మం తీసుకో, లేదా చావు. కొన్ని ఇళ్లలో తల్లిదండ్రులు తమ పిల్లల్ని తామే చంపుకున్నారు. ఇదంతా హీబ్రూలో రాసుకున్నారు. అప్పుడు చనిపోయినవాళ్ల యాద్‌లో పుట్టిన దుఆ ఒకటి ఆ వంశాల యూదులు ఈరోజుకీ తమ ఇబాదత్‌ఖానాల్లో చదువుకుంటారు.

అంటే ఆ ఫౌజ్‌లు ఒక్క ముసల్మాన్ మొహం చూడకముందే మొదటి ఖూన్ పారింది. తమ బజారులో, తమ భాష మాట్లాడే హమ్‌సాయాల ఖూన్. ఇన్సాఫ్‌గా ఇంకోటి కూడా చెప్పాలి. స్పేయర్ బిషప్ యూదుల్ని తన కోటలో దాచి చాలామందిని కాపాడాడు. యాభై ఏళ్ల తర్వాత రెండో జంగ్ వేళ ఒక సన్యాసి మళ్లీ యూదుల మీదికి జనాన్ని ఉసిగొల్పితే, ఆ జంగ్ కోసం ఊరూరా తిరిగి ప్రచారం చేసిన బెర్నార్డే వెళ్లి అతన్ని ఆపాడు. మంచివాళ్లు ఉన్నారు. కానీ మంట రాజేసినవాడే వెనక పరుగెత్తి ఒక్కో ఇంటి దగ్గర నీళ్లు చల్లాల్సి వచ్చింది.

1099 జులై 15న జెరూసలేంలో జరిగింది మనందరికీ తెలుసు. ముసల్మానులనూ యూదులనూ కలిపి చంపారు. దాని మీద మన నావెల్స్‌లో చాలా ఉంది కాబట్టి నేను ఆగను. ఒక్క మాట మాత్రం: ఆ షికస్త్‌కు పదకొండు నెలల ముందే కైరోవాళ్లు ఆ ఊరిని తుర్క్ సర్దారుల చేతుల్లోంచి జంగ్ చేసి లాక్కున్నారు. గోడల బయట ఫిరంగీలు వచ్చి నిలబడేసరికి మనవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు కొట్టుకుని అలసిపోయి ఉన్నారు. సీరియల్‌లో ఈ ఎపిసోడ్ రాదు.

ఫిరంగీలు అన్నాను కదా, ఆ మాట సంగతి కూడా చెప్పేస్తాను. ఆ కాలం అరబీ తారీఖ్ రాసినవాళ్లకు ‘సలీబీ జంగ్’ అనే మాటే తెలియదు. అది 19వ శతాబ్దంలో పుట్టింది. వాళ్లు వచ్చినవాళ్లను ‘ఇఫ్రంజ్’ అన్నారు, ఫ్రాంకులు అని. అది ఫార్సీలో ఫరంగ్, ఫరంగీ అయ్యి, మనదాకా వచ్చి ఫిరంగి అయింది. తెలుగులో కోట గోడ మీది తోపు ఫిరంగి. రాయలసీమలో బొప్పాయి పరంగి కాయ. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చిన కాయకు వాళ్ల పేరే పెట్టాం. ఆ పోర్చుగీసు ఓడల తెరచాపల మీద ఉన్న సలీబ్ ‘ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్’ది. టెంప్లర్లను రద్దు చేశాక పోర్చుగల్‌లో వాళ్ల జాగీర్లతో 1319లో నిలబెట్టిన జమాత్ అది. 1502లో వాస్కోడగామా మక్కా నుంచి హాజీలతో వస్తున్న ఓడను మలబార్ దగ్గర పట్టుకుని, ఆడవాళ్లూ పిల్లలూ ఉండగానే తగలబెట్టించాడు. అలా ఆ తల్వార్ మన సముద్రందాకా కూడా వచ్చింది. కానీ నేను చెప్తున్నది యూరప్ ఇంటి సంగతి, అక్కడికే పోదాం.

జంగ్‌కు పైసలు కావాలి. 1187లో సలాహుద్దీన్ జెరూసలేం తీసుకున్నాడన్న ఖబర్ అందగానే ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజులు 1188లో కొత్త మహసూల్ వేశారు. ఆమదనీలోనూ కదిలే ఆస్తిలోనూ పదో వంతు. జంగ్‌కు వచ్చేవాళ్లకు మాఫీ. దానికి జనం పెట్టిన పేరు ‘సలాహుద్దీన్ పదో వంతు’. ఇంగ్లండ్‌లో ఆమదనీ మీద పన్ను కథ మొదలుపెట్టేవాళ్లు ఇక్కణ్నుంచి మొదలుపెడతారు. మన హీరో పేరు అక్కడ పన్ను రసీదులోకి ఎక్కింది!

పన్ను కట్టలేనివాళ్లు, జంగ్‌కు పోవడానికి గుర్రం, కవచం కొనేవాళ్లు అప్పు కోసం యూదుల దగ్గరికి పోయారు. వడ్డీ వ్యాపారం తప్ప ఇంకో పేషా దాదాపు మిగల్చకుండా చేసింది మళ్లీ ఆ సమాజమే. 1190 మార్చిలో యార్క్ పట్టణంలో గుంపు లేచింది. రాజు రిచర్డ్ జంగ్‌కు తయారవుతున్న రోజులవి. యూదులు, సుమారు 150 మంది, కోట బురుజులో దాక్కున్నారు. చుట్టుముట్టారు. లోపల చాలామంది తమ చేతులతోనే తాము చచ్చారు. బాప్తిస్మం తీసుకుంటాం, ప్రాణాలు వదలండని బయటికి వచ్చినవాళ్లను కూడా చంపేశారు. ఆ తర్వాత గుంపు ఎక్కడికి పోయిందో తెలుసా? పెద్ద చర్చికి. అక్కడ భద్రంగా పెట్టిన ఖర్జ్ కాగితాలు తీసి, చర్చిలోనే కుప్పపోసి తగలబెట్టారు.

ఈమాన్ కోసం లేచిన జంగ్‌లో అప్పుల కాగితాలు ఎందుకు కాలాయి? జర్నలిస్టుగా ఇరవై ఏళ్లు ఫసాద్‌లు రిపోర్ట్ చేసినవాడికి ఈ సవాల్‌కు జవాబు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ దుకాణం కాలింది, ఆ దుకాణం ఎవరికి పోటీ, ఎవరు ఎవరికి బాకీ అని అడిగితే సగం రిపోర్ట్ అయిపోతుంది. నూరేళ్ల తర్వాత, 1290లో, ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ మొత్తం యూదుల్ని ముల్క్ నుంచి వెళ్లగొట్టాడు. ఆయన కూడా జవానీలో సలీబ్ తీసుకుని షామ్ పోయివచ్చినవాడే. మళ్లీ వాళ్లు ఖుల్లంఖుల్లా ఆ దేశంలో బతకడానికి 1656 దాకా ఆగాల్సి వచ్చింది.

సరే, యూదులు వేరే మజ్‌హబ్ కదా అంటారేమో. 1204 చూడండి. నాలుగో జంగ్‌కు బయల్దేరినవాళ్లు వెనిస్ నగరానికి ఓడల కిరాయి బాకీ పడ్డారు, 85 వేల మార్కుల వెండి బేరం. కట్టలేక, బదులుగా వెనిస్ చూపించిన జారా పట్టణాన్ని కొట్టారు. అది క్యాథలిక్ పట్టణం. అక్కణ్నుంచి ఇంకో తఖ్త్ తగాదాలో ఇరుక్కుని కుస్తుంతునియా మీద పడ్డారు. అదీ క్రైస్తవ నగరమే, తూర్పు చర్చికి రాజధాని. మూడు రోజులు దోచారు. చర్చిల వెండి, బంగారం ఒలిచారు. అక్కడి కంచు గుర్రాల్ని వెనిస్ తీసుకుపోయి తమ చర్చి మీద నిలబెట్టుకున్నారు. జెరూసలేం మాటే మర్చిపోయారు. 2001లో పోప్ జాన్ పాల్ ఏథెన్స్ వెళ్లినప్పుడు ఈ సంగతి మీద అఫ్సోస్ చెప్పుకోవాల్సి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లకు కూడా గ్రీకుల దిల్‌లో ఆ ముల్లు ఉంది మరి.

ఇక బెజియే. నాకు ఈ మొత్తం తారీఖ్‌లో నిద్ర పట్టనివ్వని చోటు ఇది. దక్షిణ ఫ్రాన్స్‌లో కాథార్‌లని ఒక ఫిర్ఖా ఉండేది. వాళ్లూ ఈసా పేరే చెప్పుకునేవాళ్లు, కానీ చర్చి చెప్పిన పద్ధతిలో కాదు. పోప్ ఇన్నోసెంట్ వాళ్ల మీద సలీబీ జంగ్ ఎలాన్ చేశాడు. షామ్ దాకా పోవక్కర్లేదు, ఇక్కడే నలభై రోజులు నౌకరీ చేస్తే అదే సవాబ్. 1209 జులై 22న ఫౌజ్ బెజియే పట్టణం ముందు దిగింది. బిషప్ లోపలికి పోయి రెండు వందలకు పైగా పేర్ల ఫెహరిస్త్ చదివాడు: ఈ గుమ్రాహ్‌లను అప్పగించండి, లేదా మీరైనా బయటికి రండి, మీకేం కాదు. పట్టణంలో ఎక్కువమంది మామూలు క్యాథలిక్‌లే. వాళ్లు ఒప్పుకోలేదు. మా హమ్‌సాయాల్ని మేం అప్పగించం అన్నారు. ఆ రోజే పట్టణం పడిపోయింది. మతపెద్ద అర్నో అమాల్రిక్ పోప్‌కు రాసిన ఖత్‌లో దాదాపు 20 వేల మందిని వయసు, ఆడమగ చూడకుండా చంపామని లెక్క చెప్పాడు. లెక్క పెంచి చెప్పి ఉంటాడని చరిత్రకారులు అంటారు. పెంచి చెప్పుకోవడానికి అది గర్వకారణమైందంటే ఇంకేం కావాలి? ఎవరు మనవాళ్లో ఎవరు కాదో ఎలా తెలుస్తుందని సిపాయిలు అడిగితే, అందర్నీ చంపండి, ఖుదాకు తెలుసు తనవాళ్లెవరో అని ఆయన అన్నట్టు ఒక జర్మన్ సన్యాసి తర్వాత రాశాడు. అన్నాడో లేదో. సిపాయిలు చేసింది మాత్రం అదే.

ఆ జంగ్ ఇరవై ఏళ్లు నడిచి 1229లో ఆగింది. దక్షిణం పారిస్ రాజు చేతికి పోయింది. ఆ తర్వాత తల్వార్ స్థానంలో కలం వచ్చింది, అది ఇంకా భయంకరం. ఇన్‌క్విజిషన్. అంటే విచారణ. 1245, 46లో తులూజ్ నగరంలో ఐదు వేల మందికి పైగా మనుషుల్ని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడిగారు. వాళ్లను ఎప్పుడైనా చూశావా, సలాం పెట్టావా, వాళ్ల తఖ్రీర్ విన్నావా, నీతోపాటు ఇంకెవరున్నారు? అత్త కోడలి పేరు చెప్పాలి, కోడలు అత్త పేరు చెప్పాలి. బెజియేలో ఫెహరిస్త్ ఇవ్వనన్న పట్టణాలవాళ్ల మనవళ్లు ముప్పై ఏళ్లకు ఫెహరిస్త్‌లు చెప్పడం నేర్చుకున్నారు.

యూరప్ సమాజం మీద మిగిలిన అసర్ ఏంటి అని ఎవరైనా అడిగితే నేను కోటలూ ఓడలూ చూపించను, ఈ ఫెహరిస్త్ చూపిస్తాను. మనిషిని గుర్తుపట్టి, రాసి, దాచి, పదేళ్లకు తీసి చూపే హునర్. దాని పక్కనే ఇంకోటి. 1215లో రోమ్‌లో పోప్ పెట్టిన పెద్ద సభ, యూదులూ ముసల్మానులూ క్రైస్తవుల నుంచి వేరుగా కనిపించే లిబాస్ వేసుకోవాలని హుకుం చేసింది. ఎవరు ఎవరో తెలియక కలిసిపోతున్నారట! 1269లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ యూదుల బట్టల మీద పసుపు రంగు గుండ్రటి గుడ్డ కుట్టించాడు. మరుసటి ఏడు ఆయన ట్యునిస్ మీదికి జంగ్‌కు పోయి అక్కడే చచ్చాడు. 1941లో నాజీలు జర్మనీలో పసుపు చుక్క కుట్టించినప్పుడు ఆ గుడ్డను వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు.

గునాహ్ మాఫీ సంగతి కూడా దూరం పోయింది. మొదట జంగ్‌కు పోయినవాడికి మాఫీ. 1213లో పోప్ ఇన్నోసెంట్ పద్ధతి కొంచెం మార్చాడు. సలీబ్ తీసుకున్నవాడు స్వయంగా పోలేకపోతే పైసలు కట్టి కసమ్ నుంచి బయటపడొచ్చు, సవాబ్ దక్కుతుంది. తలుపు ఒకసారి తెరిచాక మూయడం ఎవరి తరం? మూడు వందల ఏళ్లకు రోమ్‌లో పెద్ద చర్చి కట్టడానికి మాఫీనామాలు అమ్మేదాకా వచ్చింది. 1517లో మార్టిన్ లూథర్ ఎదురుతిరిగింది ఆ అమ్మకం మీదే. క్రైస్తవం రెండుగా చీలింది. 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్ల జంగ్‌లో జర్మనీలో కొన్ని ఇలాఖాల్లో సగం జనం లేకుండాపోయారు. జెరూసలేంకు టికెట్‌గా మొదలైన కాగితం ఎక్కడ దించిందో చూడండి.

స్పెయిన్ సంగతి తెలియని ముసల్మాన్ ఇల్లు లేదు. 1492లో గర్నాతా పోయింది, ఇఖ్బాల్‌ను చదివినవాళ్లందరూ ఏడ్చాం. కానీ మన ఏడుపులో రాని ఒక తేదీ ఉంది, 1449. ఆ ఏడు తొలేడోలో ఒక కానూన్ పెట్టారు. క్రైస్తవంలోకి మారిన యూదుల ఔలాద్‌కు ఊరి కొలువులు ఇవ్వకూడదు. మజ్‌హబ్ మార్చుకున్నా చాలదు, ఖూన్ సాఫ్‌గా ఉండాలి. 1609లో వెళ్లగొట్టిన సుమారు మూడు లక్షల మంది మోరిస్కోలు కూడా కాగితం మీద క్రైస్తవులే. తాతలు ముసల్మానులు, అంతే కసూర్. ఈమాన్‌తో మొదలైన తగాదా చివరికి నసల్ దగ్గరికి వచ్చి ఆగింది. ఇది చదువుతున్నప్పుడు మనవాళ్లు రిష్తాలు మాట్లాడుకునేటప్పుడు అడిగే మాట గుర్తొచ్చింది, ‘హడ్డీ ఎలాంటిది?’ అని. దూదేకుల ఇంటి పిల్ల ఐదు పూటలా నమాజ్ చదివినా, కొన్ని షరీఫ్ ఇళ్ల దస్తర్‌ఖాన్ దగ్గర ఆమెకు చోటు ఎక్కడో మనకు తెలుసు. తొలేడో మీద కోపం తెచ్చుకునే ముందు కొంచెం ఇటు కూడా.

మనవైపు తారీఖ్ కూడా అంతా గులాబ్‌జల్‌తో కడిగింది కాదు. సలాహుద్దీన్ జెరూసలేంలో కత్లేఆమ్ చేయలేదు, ఫిద్యా తీసుకుని జనాన్ని వదిలాడు, మగవాడికి పది దీనార్లు, ఆడదానికి ఐదు. బీదల్లో చాలామందిని ఊరికే వదిలాడు. అల్‌హమ్‌దులిల్లా, ఆ జమానాలో అది పెద్ద దిల్. కట్టలేక మిగిలిన వేలమంది గులామీలోకి పోయారన్నది కూడా మన చరిత్రకారులే రాశారు. హిత్తీన్ తర్వాత పట్టుబడిన టెంప్లర్లను చంపించాడు. 1268లో బైబర్స్ అంతాకియాలో చేసింది 1099కి తమ్ముడే. మా వాడికి ఇది చెప్పినప్పుడు వాడి మొహం చిన్నబోయింది. చిన్నబోనీ.

మంచి కిస్సాలు లేవా? ఉన్నాయి, సీరియల్‌వాళ్లకు పనికిరావు. షామ్‌కు చెందిన ఉసామా బిన్ మున్కిజ్ అనే అమీర్ తన కితాబ్‌లో రాసుకున్నాడు. జెరూసలేంలో తన టెంప్లర్ దోస్తులు నమాజ్ చదువుకోవడానికి ఆయనకు ఒక చిన్న మస్జిద్ ఖాళీ చేసి ఇచ్చేవాళ్లు. ఒకరోజు కొత్తగా దిగిన ఫిరంగీ ఒకడు వచ్చి, ఇటు కాదు అటు తిరుగు అని ఆయన మొహం పట్టుకుని తూర్పు వైపు తిప్పాడు. టెంప్లర్లు వచ్చి వాణ్ని లాగేసి, ఇతను కొత్తవాడు, ఏమనుకోవద్దు అని మాఫీ అడిగారు. పక్కన కొన్నేళ్లు బతికితే మనుషులు మెత్తబడతారు. ఆ కితాబ్‌లో నాకు బాగా నచ్చిన భాగం అదే. మా ఇంట్లో సీరియల్‌లో టెంప్లర్ అంటే ఒక్కటే మొహం.

1229లో జర్మన్ బాద్‌షా ఫ్రెడరిక్, మిస్ర్ సుల్తాన్ అల్ కామిల్ ఒక్క జంగ్ లేకుండా కాగితం మీద సుల్హ్ చేసుకున్నారు. జెరూసలేం ఫ్రెడరిక్‌కు, హరమ్ షరీఫ్ మాత్రం ముసల్మానుల దగ్గరే. పదేళ్ల అమన్. దానికి ఇద్దరికీ దొరికిన ఇనామ్ ఏంటి? ఫ్రెడరిక్‌ను పోప్ అప్పటికే మజ్‌హబ్ నుంచి వెలివేసి ఉన్నాడు, ఈ లోపల ఆయన ఇటలీ రాజ్యం మీదికి ఫౌజ్ పంపాడు. దమస్కస్ జామా మస్జిద్‌లో అల్ కామిల్ మీద తఖ్రీర్లు, మాతమ్. ఖూన్ పారించినవాళ్లు గాజీలు, ఖూన్ ఆపినవాళ్లు గద్దార్లు. రెండు మజ్‌హబ్‌లూ పూర్తిగా ఇత్తెఫాఖ్ అయిన మసలా ఆ కాలంలో ఇదొక్కటే.

ఈ రోజుల్లో కూడా టెంప్లర్ అంగీ కావాలనుకునేవాళ్లున్నారు. 2011 జులై 22న నార్వేలో ఒకడు తన్ను తాను టెంప్లర్ సిపాయి అని చెప్పుకున్నాడు. ముసల్మానుల నుంచి యూరప్‌ను కాపాడతానన్నాడు. వాడు చంపిన 77 మందిలో 69 మంది ఒక దీవిలో ఉన్నారు, ఒక రాజకీయ పార్టీ యువజన క్యాంపులో. ఎక్కువమంది వాడి దేశపు పిల్లలే, మా పెద్దోడికంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. బెజియే పడిన తారీఖు కూడా జులై 22. అది ఇత్తెఫాఖ్. ఎవణ్ని కాపాడతానని బయల్దేరాడో వాణ్నే చంపడం మాత్రం ఇత్తెఫాఖ్ అనిపించదు.

ఇంత దూరం తారీఖ్ ఎందుకు తవ్వానంటే, మా ఖాందాన్‌లో జరిగిన ఒక సంగతి వల్ల. నిరుడు మా ఫుప్పా ఇంతెఖాల్ అయ్యారు. మంచి మనిషి, జిందగీలో ఎవరి దిల్ నొప్పించలేదు. జనాజా మస్జిద్ సహన్‌లో పెట్టారు. సఫ్‌లు కట్టేటప్పుడు చూస్తే మావాళ్లలో పదిహేను మంది దాకా గేటు బయట నిలబడి ఉన్నారు. ఆ ఇమామ్ మస్లక్ వేరట, ఆయన వెనక నమాజ్ కాదట. అందులో ఫుప్పా చేతుల మీద పెరిగిన ఆయన సొంత భాంజా ఉన్నాడు. అంతకు నెల ముందు ఇంకో మస్జిద్ గోడ మీద ఫలానా ఫిర్ఖా వాళ్లు లోపలికి రావద్దని రాసి ఉండటం కూడా చూశాను. మా భాంజా చెడ్డవాడు కాదు. ఫోన్‌లో తఖ్రీర్లు వింటాడు. వాటిలో సలాహుద్దీన్ ఉంటాడు, సలీబీలుంటారు, పదో నిమిషంలో ‘మన లోపలి దుష్మన్లు’ అనే మాట వస్తుంది. అక్కణ్నుంచి చివరిదాకా అదే. బయటి దుష్మన్ పేరు మొదటి పది నిమిషాలకే.

మన మీద బయట జరిగే జుల్మ్ తక్కువేం కాదు. రాస్తూనే ఉన్నాను, ఈ బ్లాగ్ నిండా అదే. కానీ ఆ రోజు ఫుప్పా జనాజాకు ఒక సఫ్ తక్కువ చేసింది ఏ ఫిరంగీ కాదు.

ఇదంతా మూడు రాత్రులు విడతలుగా మా వాడికి చెప్పాను. సీరియల్ బంద్ చేయమనలేదు. చేయమంటే ఫోన్‌లో చూస్తాడు, ఆ మాత్రం తెలుసు. బెజియే దగ్గరికి వచ్చినప్పుడు వాడు ఒక సవాల్ వేశాడు. "అబ్బూ, ఆ ఫెహరిస్త్ చదివినప్పుడు బయటికి వచ్చేస్తే బతికేవాళ్లు కదా, ఎందుకు రాలేదు?"

తెలియదురా అన్నాను. వాళ్లేం అనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాసింది గెలిచినవాళ్లే.

కాసేపాగి మళ్లీ అడిగాడు. "భాయీజాన్ ఆ రోజు బయట నిల్చున్నారు కదా. దాదా ఫుప్పాకు తెలిసి ఉంటుందా?"

వాళ్ల అమ్మీ వంటింట్లోంచి ట్యూషన్ అని కేకేసింది. ఈసారి ఇద్దరం లేవలేదు.